షుగర్ ఉంది, బరువూ ఉంది, బిడ్డ కావాలి: ముందు దేన్ని సరిచేసుకోవాలి?

మీరు రాసింది రెండుసార్లు చదివాను. నాకు అర్థమైంది ఇది, ఎక్కడైనా తేడా ఉంటే సరిదిద్దండి. మీకు 31 ఏళ్లు, ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 82 కేజీలు, టైప్ 2 షుగర్ వచ్చి రెండేళ్లు. మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్, ఒక బీపీ మాత్ర వాడుతున్నారు. మూడు నెలల సగటు, అదే హెచ్‌బీఏ1సీ, 8.4 వచ్చింది. పోయిన ఏడాది ఎనిమిదో వారంలో గర్భం పోయింది. ఇప్పుడు మళ్లీ అనుకుంటుంటే ఒకరు 20 కేజీలు తగ్గాకే అంటున్నారు, ఇంకొకరు వయసు మీద పడుతోంది ఆలస్యం చేయకు అంటున్నారు, ఇన్సులిన్ మొదలుపెడితే బిడ్డకు హాని అని మరొకరు చెప్పారు. పైగా మీ చెల్లెలికి ఏడో నెల మొదట్లో, 26 వారాలప్పుడు, షుగర్ బయటపడింది. తను సన్నగానే ఉంటుంది, తనకెందుకు వచ్చింది అని అడిగారు.

నేను ప్రసూతి వైద్యురాలిని. పంతొమ్మిదేళ్లుగా నా దగ్గరికి ఎక్కువగా వచ్చేది షుగరో బరువో రెండూనో ఉన్న గర్భిణులే. మీ విషయంలో నా మాట ఇది: ముందు షుగర్. షుగర్‌ని మూడు నెలల్లో దారికి తేవచ్చు. 20 కేజీలు మూడు నెలల్లో తగ్గలేరు, అలా తగ్గాలని చూడకూడదు కూడా. కాబట్టి బరువు కోసం ఏళ్ల తరబడి ఆగొద్దు, షుగర్ దారికి రాకుండా మాత్రం ఒక్క నెల కూడా ప్రయత్నించొద్దు. అప్పటిదాకా గర్భం రాకుండా జాగ్రత్త పడండి, ఏ పద్ధతి మీకు సరిపడుతుందో డాక్టర్‌నే అడగండి.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, లెక్క అంతా తేదీల్లో ఉంది. నెల తప్పి, ఇంకో వారం చూద్దాంలే అనుకుని, టెస్ట్ చేసుకుని, అపాయింట్‌మెంట్ తీసుకుని మా ముందు కూర్చునేసరికి చాలామందికి ఏడో వారమో ఎనిమిదో వారమో నడుస్తుంటుంది. కానీ బిడ్డ మెదడు, వెన్నుపాము తయారయ్యే గొట్టం గర్భం నిలిచిన 28 రోజులకల్లా మూసుకుపోతుంది, అంటే నెల తప్పిన రెండు వారాలకే. గుండె రూపు కట్టేదీ ఆ రోజుల్లోనే. అప్పుడు తల్లి రక్తంలో చక్కెర ఎక్కువగా ఉంటే ఆ కట్టడంలోనే లోపం రావచ్చు, గర్భం నిలవకపోవచ్చు. మామూలుగా నూటికి ఇద్దరు ముగ్గురు పిల్లల్లో పెద్ద అవయవ లోపాలు కనిపిస్తాయి. షుగర్ అదుపులో లేని తల్లులకు పుట్టేవాళ్లలో ఇది కొన్ని రెట్లు ఎక్కువ, హెచ్‌బీఏ1సీ ఎంత పైకి పోతే అంత. అందుకే లో షుగర్ (చక్కెర మరీ పడిపోవడం) రాకుండా ఎంత వీలైతే అంత తగ్గించుకుని, 6.5 కిందికి వచ్చాక ప్రయత్నించమంటాం. 10 దాటి ఉంటే అసలు ఇప్పుడు వద్దంటాం. మీరు 8.4లో ఉన్నారు, అంటే దూరం ఉంది గానీ అందనంత దూరం కాదు. హెచ్‌బీఏ1సీ అనేది గత రెండు మూడు నెలల రక్తం చెప్పే కథ కాబట్టి ఈ రోజు మొదలుపెట్టిన మార్పు పూర్తిగా కనపడటానికి మూడు నెలలు పడుతుంది. నేను అడుగుతున్నదీ ఆ మూడు నెలలే.

పోయిన గర్భం గురించి ఒక మాట. మీరు "నా తప్పేనా" అని రాశారు. మొదటి మూడు నెలల్లో పోయే గర్భాల్లో దాదాపు సగానికి కారణం పిండంలోని క్రోమోజోముల లోపం, దాన్ని ఎవరూ ఆపలేరు. షుగర్ ఎక్కువగా ఉండటం, బరువు, రెండూ ఆ అవకాశాన్ని పెంచుతాయి, అది నిజమే. కానీ మీ గర్భం ఎందుకు పోయిందో ఇప్పుడు వెనక్కి వెళ్లి ఎవరూ తేల్చలేరు. తేల్చలేని దాన్ని నెత్తిన పెట్టుకుని తిరగకండి అమ్మా. వచ్చే గర్భానికి అవకాశం పెంచే పని మాత్రం మీ చేతిలో ఉంది, దాని గురించి మాట్లాడుకుందాం.

ఈ వారమే మొదలుపెట్టదగ్గది ఫోలిక్ యాసిడ్. మామూలుగా అందరికీ చెప్పేది 400 మైక్రోగ్రాములు, కానీ షుగర్ ఉన్నవాళ్లకు, బీఎంఐ (ఎత్తుకు బరువు ఎంతుందో చెప్పే లెక్క) 30 దాటినవాళ్లకు చాలామంది డాక్టర్లు రోజుకు 5 ఎంజీ రాస్తారు. మీకు రెండూ ఉన్నాయి. గర్భానికి రెండు మూడు నెలల ముందు నుంచి, 12 వారాలు నిండేదాకా. మీ డాక్టర్‌ని అడిగి డోసు ఖాయం చేసుకోండి. తర్వాత కళ్లు. ఇది చాలామంది వదిలేస్తారు. షుగర్ వల్ల కంటి వెనక పొరలో రక్తనాళాలు దెబ్బతిని ఉంటే గర్భంతో అది త్వరగా ముదరవచ్చు, షుగర్‌ని ఒక్కసారిగా బాగా తగ్గించినా కొన్నాళ్లు ముదరవచ్చు. అందుకని ముందే చుక్కలమందు వేయించి కంటి వెనక చూపించుకోవాలి, గర్భం వచ్చాక మళ్లీ. మూత్రంలో ప్రోటీన్, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, థైరాయిడ్ కూడా చూస్తారు.

ఇక ఇన్సులిన్. మీకు చెప్పినవాళ్లు విషయాన్ని సరిగ్గా తలకిందులు చేసి చెప్పారు. తల్లి రక్తంలోని చక్కెర మాయ (ప్లాసెంటా) దాటి బిడ్డకు వెళ్తుంది, తల్లి తీసుకునే ఇన్సులిన్ మాత్రం మాయ దాటదనే చెప్పాలి. అంటే బిడ్డను తాకేది చక్కెర, ఇన్సులిన్ కాదు. మాత్రల్లో చాలావాటికి ఆ భరోసా లేదు. మెట్‌ఫార్మిన్ మాయ దాటుతుంది, అయినా దాంతో చాలా ఏళ్ల అనుభవం ఉంది కాబట్టి చాలామందికి కొనసాగిస్తాం. గ్లిమెపిరైడ్ లాంటివి ఆపి ఇన్సులిన్‌కి మారుస్తాం, అదీ గర్భం రాకముందే, ఎందుకంటే డోసు కుదరడానికి కొన్ని వారాలు పడుతుంది. మీ అంతట మీరు ఏదీ ఆపేయకండి, మందు లేకుండా షుగర్ పైకి పోతే అది ఇంకా చేటు.

ఇన్సులిన్ అనగానే ఓడిపోయినట్టు మొహం పెట్టే వాళ్లను రోజూ చూస్తాను. ఒకామె నోట్‌బుక్ నాకింకా గుర్తుంది. మూడు వారాల అంకెలు, పరగడుపున 92, 94, 91, తిన్నాక 118, 121, 117, అన్నీ ఒకే పెన్నుతో, ఒకే ఒత్తిడితో, ఒకేసారి కూర్చుని రాసినట్టు. స్కాన్‌లో బిడ్డ పొట్ట కొలత చూస్తే వయసుకు మించి ఉంది. మీటర్ ఇమ్మని మెమరీ నొక్కి చూస్తే 138, 206, 174. ఆమె కళ్ల నీళ్లు పెట్టుకుంది. అంకె ఎక్కువ వస్తే తిడతారని భయమట. అంతకు ముందు ఎక్కడో ఎవరో డాక్టరే ఆమెను పదిమంది ముందు "ఇంత తింటే ఇంతే మరి" అన్నారట. ఆ ఒక్క మాట వల్ల ఆ బిడ్డకు అందాల్సిన మూడు వారాల వైద్యం పోయింది. ఆ రోజు నుంచి నేను అందరికీ ముందే చెప్తాను, నాకు మంచి అంకెలు అక్కర్లేదు, నిజం అంకెలు కావాలి, ఎక్కువ వస్తే మందు మార్చాల్సింది నేను. మీరూ అదే గుర్తుపెట్టుకోండి, మీటర్‌లో 200 కనిపిస్తే అది మీ మార్కు కాదు, మీ మందుకు వచ్చిన మార్కు.

బరువు సంగతికి వస్తాను. మీ ఎత్తుకు 82 కేజీలంటే బీఎంఐ సుమారు 33. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 30 దాటితే స్థూలకాయం, ఆసియా దేశాల వాళ్లకు ఇంకా తక్కువ బీఎంఐలోనే షుగర్ ముప్పు మొదలవుతుంది కాబట్టి మనకు 23 నుంచే కన్నేసి ఉంచుతారు. మీరు 62కి చేరాలని ఎవరో పెట్టిన లెక్కను పక్కన పెట్టండి. ఉన్న బరువులో 5 నుంచి 10 శాతం తగ్గినా, అంటే మీకు 4 నుంచి 8 కేజీలు, షుగర్‌లో తేడా కనిపిస్తుంది, అండం విడుదల సరిగ్గా లేనివాళ్లకు అది దారిలో పడుతుంది. షుగర్ సరిచేసుకునే ఈ మూడు నెలల్లో అందులో కొంత ఎలాగూ తగ్గుతారు, నాకది చాలు. ఈ పని గర్భం రాకముందే ఎందుకు చేయమంటున్నానంటే, వచ్చాక మొదలుపెట్టడం వల్ల అనుకున్నంత ఫలితం రాలేదు. బ్రిటన్‌లో స్థూలకాయం ఉన్న గర్భిణులకు ఆహారం, వ్యాయామం మీద గట్టిగా శిక్షణ ఇచ్చి చేసిన అప్‌బీట్ అనే పరిశోధన ఫలితాలు 2015లో వచ్చాయి. వాళ్ల బరువు కాస్త తక్కువ పెరిగింది, తిండి మెరుగైంది, కానీ గర్భంలో వచ్చే షుగర్ తగ్గలేదు, పెద్ద బిడ్డలు పుట్టడమూ తగ్గలేదు. మాయ, హార్మోన్లు పని మొదలుపెట్టేశాక మనం వెనకబడి పరిగెత్తుతున్నట్టే. అలాగని గర్భంలో జాగ్రత్త వృథా అనుకోవద్దు, షుగర్‌ని మందుతో అదుపులో పెట్టడం వల్ల లాభం చాలా స్పష్టంగా ఉంది, దాని గురించి చెల్లెలి దగ్గర చెప్తాను.

గర్భం వచ్చాక మాత్రం బరువు తగ్గడానికి పస్తులుండొద్దు. మీ బీఎంఐకి మొత్తం తొమ్మిది నెలల్లో 5 నుంచి 9 కేజీలు పెరిగితే సరిపోతుంది, ఇది 2009లో అమెరికాలో వేసిన లెక్క, ఇప్పటికీ చాలా చోట్ల దీన్నే వాడతారు. మామూలు బరువున్న ఆమెకు అది 11.5 నుంచి 16. ఇద్దరి కోసం తినాలి అనే మాట మీకు వర్తించదు, ఎవరికీ పెద్దగా వర్తించదు. బరువు తగ్గించే ఇంజెక్షన్లు, సెమాగ్లూటైడ్ లాంటివి, ఎవరైనా రాసిచ్చి ఉంటే గర్భం కోసం ప్రయత్నించడానికి కనీసం రెండు నెలల ముందు ఆపాలి. వాటితో బరువు తగ్గి అండాలు విడుదలవడం మొదలై, అనుకోకుండా నెల తప్పినవాళ్లూ ఉన్నారు. బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకున్నవాళ్లయితే ఏడాది నుంచి ఏడాదిన్నర ఆగాలి.

బరువు గర్భాన్ని ఎలా ఇబ్బంది పెడుతుందో సూటిగా చెప్తాను, భయపెట్టడానికి కాదు, ఏది అడగాలో తెలియడానికి. బీపీ చూసేటప్పుడు చేతికి కట్టే పట్టీని గమనించండి. చేయి లావుగా ఉండి పట్టీ చిన్నదైతే లేని బీపీని ఉన్నట్టు చూపిస్తుంది. వెల్క్రో చివర దాకా లాగి అతికించినా పట్టీ ఊడిపోతోందంటే అది మీ సైజు కాదు. "పెద్ద పట్టీ ఉందా" అని అడగండి, మొహమాటపడొద్దు. బీపీ మీద ఆధారపడి కాన్పు ఎప్పుడు చేయాలో నిర్ణయిస్తాం, అలాంటి అంకె తప్పు రాకూడదు. స్కాన్ కూడా అంతే. పొట్ట మీది కొవ్వు పొర అల్ట్రాసౌండ్ శబ్దాన్ని మింగేస్తుంది, బిడ్డ గుండె మసకగా కనిపిస్తుంది. 18 నుంచి 20 వారాల మధ్య చేసే స్కాన్‌లో అన్నీ కనపడకపోతే రెండు వారాలాగి మళ్లీ రమ్మంటారు, అది ఏదో తేడా ఉందని కాదు. మీకు షుగర్ కూడా ఉంది కాబట్టి బిడ్డ గుండెకు విడిగా స్కాన్ చేయించమని అడగండి. టేపుతో పొట్ట కొలిచి బిడ్డ ఎదుగుదల చెప్పే పద్ధతి మీకు నమ్మదగ్గది కాదు, ఎదుగుదల స్కాన్లే చూడాలి. కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పు, సిజేరియన్ అయ్యే అవకాశం, అయ్యాక కుట్లు చీము పట్టడం, ఇవన్నీ బరువుతో పెరుగుతాయి. సిజేరియన్ అయితే గడ్డకట్టకుండా ఇంజెక్షన్ అవసరమా అని అడగాలి, వెంటనే లేచి నడవాలి. మత్తు డాక్టర్‌ని నొప్పులొచ్చాక కాకుండా ముందే ఒకసారి కలవడం మంచిది, వెన్నులో సూది పెట్టడం కష్టమవుతుందేమో వాళ్లు ముందే అంచనా వేసుకుంటారు.

షుగర్, బరువు రెండూ కలిసి ఎక్కువగా తెచ్చిపెట్టేది గర్భంలో బీపీ, అది ముదిరితే మూర్ఛలు తెచ్చే గుర్రపువాతం. మీకు ముందే బీపీ కూడా ఉంది. తక్కువ డోసు ఆస్పిరిన్ దీన్ని కొంత ఆపగలదు, కానీ సరైన సమయంలో మొదలుపెడితేనే, 12వ వారం నుంచి, 16 వారాలు దాటకముందే. ఐదో నెలలో గుర్తొస్తే అంత లాభం ఉండదు. మొదటిసారి డాక్టర్‌ని కలిసినప్పుడే "నాకు ఆస్పిరిన్ అవసరమా" అని మీరే అడగండి. ఐదో నెల దగ్గర్నుంచి విపరీతమైన తలనొప్పి, కళ్ల ముందు మెరుపులు, డొక్క పైభాగంలో నొప్పి, ఒక్కసారిగా మొహం ఉబ్బడం, వీటిలో ఏదొచ్చినా తెల్లారేదాకా ఆగొద్దు.

ఇప్పుడు మీ చెల్లెలు. 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి చేసిన పరీక్షలో పరగడుపున 98, గంటకు 186, రెండు గంటలకు 149 అన్నారు. గీత 92, 180, 153 దగ్గర ఉంది. మూడింటిలో ఏ ఒక్కటి ఆ గీతను తాకినా గర్భంలో వచ్చిన షుగర్ అంటాం, తనకు రెండు దాటాయి. సన్నగా ఉన్నా ఎందుకొచ్చిందంటే, నెలలు నిండుతున్నకొద్దీ మాయ కొన్ని హార్మోన్లను తయారుచేస్తుంది, అవి తల్లి ఒంట్లో ఇన్సులిన్ పనితనాన్ని తగ్గిస్తాయి. బిడ్డకు కావాల్సినంత చక్కెర రక్తంలో ఉండేలా ప్రకృతి చేసుకున్న ఏర్పాటు అది. చాలామందిలో క్లోమం ఇంకా ఎక్కువ ఇన్సులిన్ తయారుచేసి సర్దుకుంటుంది. కొందరిలో అంత శక్తి ఉండదు, సన్నగా ఉన్నా సరే. 24 నుంచి 28 వారాల మధ్య ఈ పరీక్ష పెట్టేది అందుకే. మీ ఇంట్లో మీకు షుగర్ ఉంది కదా, అదే తనకొక ముప్పు.

ఈ గీతలు ఎక్కడ్నుంచి వచ్చాయో తెలిస్తే మీ చెల్లెలు "కొంచెమే కదా ఎక్కువ" అనదు. 9 దేశాల్లో దాదాపు 25 వేల మంది గర్భిణులకు ఈ పరీక్ష చేసి, షుగర్ స్థాయికి కాన్పులో ఏం జరిగిందో దానికి పొంతన చూసిన హాపో అనే అధ్యయనం 2008లో వచ్చింది. అందులో తేలింది ఏమిటంటే, ఇక్కడిదాకా భద్రం, ఇక్కడ్నుంచి ప్రమాదం అనే గోడ ఏదీ లేదు, షుగర్ పెరిగేకొద్దీ పెద్ద బిడ్డలు, సిజేరియన్లు, పుట్టగానే బిడ్డకు షుగర్ పడిపోవడం క్రమంగా పెరుగుతూనే వెళ్లాయి. వైద్యం చేస్తే తగ్గుతుందా అన్నదానికి అంతకు మూడేళ్ల ముందే ఆస్ట్రేలియా నుంచి జవాబు వచ్చింది. గర్భంలో కొద్దిపాటి షుగర్ ఉన్నవాళ్లకు వైద్యం చేస్తే బిడ్డకు తీవ్రమైన హాని జరగడం 4 శాతం నుంచి 1 శాతానికి తగ్గింది. తిండి సర్దుకోవడం, వేలికి సూది గుచ్చుకుని చూసుకోవడం, అవసరమైతే ఇన్సులిన్, ఇంతే వైద్యం.

బిడ్డలో ఏం జరుగుతుందో డెన్మార్క్ డాక్టర్ యోర్గెన్ పెడర్సన్ 1950ల్లోనే చెప్పారు, అది ఇప్పటికీ నిలబడింది. తల్లి చక్కెర మాయ దాటి బిడ్డ దగ్గరికి వెళ్తుంది. బిడ్డ క్లోమం ఆరోగ్యంగానే ఉంది కాబట్టి వచ్చిన చక్కెరకు తగ్గట్టు బోలెడు ఇన్సులిన్ తయారుచేస్తుంది. ఇన్సులిన్ ఆ వయసులో ఎదుగుదల హార్మోన్‌లా పనిచేస్తుంది. కొవ్వు పేరుకుంటుంది, ముఖ్యంగా పొట్ట, భుజాల దగ్గర, తల మాత్రం మామూలుగానే ఉంటుంది. కాన్పులో తల బయటికి వచ్చి భుజాలు ఇరుక్కుపోవడం అందుకే. ఆ నిమిషాలు గదిలో ఉన్న ఎవరూ మరిచిపోలేరు, తల వచ్చి వెనక్కి లాక్కున్నట్టవుతుంది, అందరం గడియారం చూస్తూ పనిచేస్తాం, తల్లి మోకాళ్లు ఛాతీకి వంచి పట్టుకుంటాం. చాలాసార్లు బిడ్డ క్షేమంగా వస్తుంది, కొన్నిసార్లు చేతి నరాలు సాగిపోవడం, జత్రుక (కాలర్) ఎముక విరగడం జరుగుతుంది. పుట్టాక ఇంకో చిక్కు. బొడ్డుతాడు కోయగానే చక్కెర సరఫరా ఆగిపోతుంది, బిడ్డ ఒంట్లో ఇన్సులిన్ మాత్రం ఇంకా అలాగే ఉంటుంది. నాలుగు కేజీలు దాటిన బొద్దు పిల్లాడు చూడటానికి ముద్దుగా ఉంటాడు, గంటకల్లా చేతులు సన్నగా వణుకుతుంటాయి, మడమ మీద సూది గుచ్చి చుక్క రక్తం చూస్తే షుగర్ పడిపోయి ఉంటుంది. అందుకే పుట్టిన అరగంటలోనే పాలు పట్టించమంటాం, తర్వాత కొన్ని గంటలు మడమ రక్తం చూస్తూనే ఉంటాం. తల్లులు బాధపడతారు ఇన్నిసార్లు గుచ్చుతున్నారని, కానీ దాన్ని వదలలేం.

మీ చెల్లెలికి లక్ష్యం పరగడుపున 95 లోపు, తినడం మొదలుపెట్టిన గంటకు 140 లోపు, లేదా రెండు గంటలకు 120 లోపు. తిండి మానేయమని కాదు. రోజుకు కనీసం 175 గ్రాముల పిండి పదార్థాలు ఉండాలి, మరీ తగ్గిస్తే ఒంట్లో కీటోన్లు (కొవ్వు కరిగేటప్పుడు పుట్టే పదార్థాలు) పెరుగుతాయి. వాటిని మూడు పూటలు, మధ్యలో రెండు మూడు చిన్న తిండ్లుగా పంచుకోవాలి. ఉదయం పూట హార్మోన్ల ప్రభావం ఎక్కువ, అందుకని అదే తిండి రాత్రి తింటే 125, పొద్దున తింటే 160 రావచ్చు. పొద్దున పిండి తగ్గించి ప్రోటీన్ పెంచితే చాలామందికి ఆ ఒక్క మార్పుతోనే దారికొస్తుంది. పళ్ల రసం బదులు పండు. తిన్నాక పది పదిహేను నిమిషాలు నడక, ఇది నేను రాసే మందులన్నిటికంటే ఎక్కువసార్లు రాసే మందు. ఒకటి రెండు వారాల్లో అంకెలు దిగకపోతే మందు మొదలుపెట్టాల్సిందే. పరగడుపు అంకె మొండిగా ఉంటే ముఖ్యంగా, అది తిండితో అంత తేలిగ్గా తగ్గదు, రాత్రిపూట ఇన్సులిన్‌తో తగ్గుతుంది.

మీకు ముందు నుంచే షుగర్ ఉంది కాబట్టి మీ గర్భం నడక వేరేగా ఉంటుంది. మొదటి మూడు నెలల్లో వాంతులు, తిండి సరిపడకపోవడం వల్ల లో షుగర్ రావచ్చు, ఇన్సులిన్ తగ్గించాల్సి రావచ్చు. ఐదో నెల నుంచి అవసరం పెరుగుతూ పోయి, చివరికి మొదటి డోసుకు రెండు మూడు రెట్లు పట్టవచ్చు. అంతగా పెంచుతుంటే జబ్బు ముదిరిందనుకుని టెన్షన్ పడతారు, అది మాయ బాగా పనిచేస్తోందన్న గుర్తు. తిరగబడితే చూసుకోవాలి, ఎనిమిదో నెలలోనో తొమ్మిదిలోనో ఉన్నట్టుండి లో షుగర్లు వచ్చి ఇన్సులిన్ అవసరం బాగా పడిపోతే వెంటనే డాక్టర్‌కి చెప్పండి, మాయ పని మందగించిందేమో చూడాలి. బిడ్డ కదలికలు తగ్గాయనిపించినా అంతే, ఇంకో పూట చూద్దాం అనొద్దు. కడుపులోనే బిడ్డ పోయే ప్రమాదం షుగర్ వల్లా పెరుగుతుంది, బరువు వల్లా పెరుగుతుంది, చివరి వారాల్లో ఇంకా. ముందు నుంచి షుగర్ ఉన్నవాళ్లకు 37 వారాలు దాటాక 39 నిండేలోపు కాన్పు చేయడం అందుకే. మీకు అలా తేదీ ఇస్తే తొందరపడుతున్నారని అనుకోకండి. నెలలు నిండకముందే కాన్పు చేయాల్సి వచ్చి బిడ్డ ఊపిరితిత్తుల కోసం స్టెరాయిడ్ ఇస్తే కొన్ని రోజులు షుగర్ విపరీతంగా పెరుగుతుంది, దానికి తగ్గట్టు ఇన్సులిన్ పెంచాలని వాళ్లకు గుర్తుచేయండి. వాంతులు ఆగకుండా అవుతుంటే షుగర్ 200 లోపు ఉన్నా కీటోన్లు చూడాలి, గర్భంలో అవి తక్కువ షుగర్‌లోనే ప్రమాదస్థాయికి చేరగలవు.

మాయ బయటికి వచ్చిన మరుక్షణం ఇన్సులిన్ అవసరం పడిపోతుంది. చెల్లెలికి బహుశా అసలే అక్కర్లేదు, మీకు గర్భానికి ముందున్న డోసుకో అంతకంటే తక్కువకో దిగాలి, పాలిస్తుంటే ఇంకాస్త తక్కువ. ఆ రాత్రి పాత డోసే వేస్తే లో షుగర్ వస్తుంది, వార్డులో సిస్టర్‌ని కూడా అడగండి. బరువు, షుగర్ ఉన్నవాళ్లకు పాలు పడటం ఒకటి రెండు రోజులు ఆలస్యం కావచ్చు. పాలు లేవని తేల్చేయకుండా బిడ్డను రొమ్ముకు పట్టిస్తూనే ఉండాలి.

చెల్లెలికి కాన్పయ్యాక 6 నుంచి 12 వారాల మధ్య మళ్లీ 75 గ్రాముల పరీక్ష చేయించండి. ఎందరికో చెప్తాను, వచ్చేది కొందరే, బిడ్డతో తీరిక ఉండదు, షుగర్ పోయింది కదా అనుకుంటారు. గర్భంలో షుగర్ వచ్చినామెకు తర్వాత టైప్ 2 వచ్చే అవకాశం రానివాళ్లతో పోలిస్తే 7 నుంచి 10 రెట్లు. దాన్ని ఆపవచ్చని కూడా తెలుసు. 2002లో ఫలితాలు వచ్చిన అమెరికా పరిశోధనలో షుగర్ అంచున ఉన్నవాళ్లు తిండి, నడకతో కొంత బరువు తగ్గించుకుంటే షుగర్ రావడం 58 శాతం తగ్గింది. ఏటా ఒకసారి పరీక్ష, అది బిడ్డ పుట్టినరోజు నెలలోనే పెట్టుకోమంటాను, మరిచిపోరు.

పిల్లల సంగతి అడిగారు, నా బిడ్డకూ వస్తుందా అని. వంశం వల్ల కొంత వస్తుంది, దాన్ని మార్చలేం. కానీ కడుపులో ఉన్నప్పటి చక్కెర ప్రభావం దానికి విడిగా ఉంటుందని అరిజోనాలోని పీమా తెగ కుటుంబాల్లో చూశారు. ఒకే తల్లి పిల్లల్లో, ఆమెకు షుగర్ రాకముందు పుట్టినవాళ్ల కంటే వచ్చాక పుట్టినవాళ్లలో షుగర్, అధిక బరువు ఎక్కువగా కనిపించాయి. అమ్మ ఒకటే, నాన్న ఒకడే, తేడా ఆ తొమ్మిది నెలల రక్తంలో. మీరిప్పుడు 8.4ని దించడానికి పడే శ్రమ కాన్పు దాకానే కాదు, ఆ బిడ్డ పెద్దయ్యేదాకా వెంట వస్తుంది.

ఒక్క వివరం మీరు రాయలేదు, మీ బీపీ మాత్ర పేరు. స్ట్రిప్ వెనక్కి తిప్పి మందు పేరు చూడండి. చివర "ప్రిల్" అనో "సార్టాన్" అనో ఉంటే ఆ రకాలు గర్భంలో పనికిరావు, బిడ్డ కిడ్నీలకు, ఉమ్మనీటికి దెబ్బ. కొలెస్ట్రాల్‌కి "స్టాటిన్" అని ముగిసే మాత్ర ఏదైనా వేసుకుంటుంటే దాన్ని కూడా ఆపాల్సి ఉంటుంది. ఈ రాత్రే ఆపేయమనట్లేదు, బీపీ మాత్ర హఠాత్తుగా ఆపితే బీపీ ఎగురుతుంది. లాబెటలాల్, నిఫెడిపిన్ లాంటి వేరే మందుకు మార్చమని ఈ వారంలోనే అడగండి, మారాకే గర్భం కోసం ప్రయత్నం. పేరు చూసి ఇక్కడ రాయండి, నేను చూస్తాను.